ఎకోలో స్ట్రెయిన్ సాఫ్ట్‌వేర్: మూడేళ్లు వాడాక

ఒడిశాలోని రాయగడ, గుణుపురం వైపు రోగుల గుండె ఎకో (అల్ట్రాసౌండ్ స్కాన్)లో మూడేళ్లుగా వాడుతున్న స్పెకిల్ ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ ఇది. ఇది ఇచ్చే స్ట్రెయిన్ అంకె పనికొస్తుంది. కండరం భాగాలన్నిటినీ ఒకేచోట చూపే రంగుల చక్రాన్ని మాత్రం గుడ్డిగా నమ్మకండి.

గుండె కండరంలో కనిపించే చుక్కల్ని ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్‌లో వెంబడించి, కండరం నిలువునా ఎంత శాతం పొట్టి అవుతోందో ఇది లెక్కగడుతుంది. పొట్టి కావడం కాబట్టి మైనస్‌లో చూపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఎడమ జఠరికకు ఈ శాతాల సగటు, అంటే జీఎల్‌ఎస్, మైనస్ 20 అటూ ఇటూ. ఈఎఫ్ (ఒక్కో బీటుకు జఠరిక బయటికి తోసే రక్తం శాతం) మామూలుగా 60 ఉన్న గుండెలో కూడా ఇది ముందే తగ్గిపోవచ్చు, అంటే సున్నా వైపు రావచ్చు. కొనడానికి కారణం అదొక్కటే.

ఫ్రేమ్ రేటు సెకనుకు 50 నుంచి 80 మధ్య ఉంచాలి. డెప్త్ (ఎంత లోతు చూడాలో) తగ్గించి, సెక్టార్ (చూసే వెడల్పు) ఇరుకు చేస్తే వస్తుంది; ఆ తొందరలో పక్కగోడ తెగిపోకుండా చూసుకోవాలి. ఎపికల్ వ్యూలు (గుండె కొన వైపు నుంచి తీసే బొమ్మలు) మూడూ ఊపిరి బిగబట్టించి, ఒక్కోటి మూడేసి బీట్లు తీయాలి. ఊపిరి సంగతి ఒడియాలోనో కువిలోనో ముందే చెప్పి రెండుసార్లు చేయిస్తే టైం కలిసొస్తుంది. చెమటకు ఈసీజీ ఎలక్ట్రోడు ఊడితే బీటు ఎక్కడ మొదలైందో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు.

తప్పులన్నీ కండరం చుట్టూ సాఫ్ట్‌వేర్ గీసే గీత దగ్గరే. గీత మందమై పెరికార్డియం (గుండె చుట్టూ ఉండే పొర) కూడా లోపలికి వస్తే, అది పెద్దగా కదలదు కాబట్టి అంకె పడిపోతుంది. గీత కింది చివరి బిందువు కర్ణిక వైపు జారితే బేసల్ (కవాటం దగ్గరి) భాగాలు జబ్బుగా కనిపిస్తాయి. ప్రోబ్ గుండె అసలు కొన మీద లేకపోతే కొన దగ్గర అంకె ఉత్తినే పెరుగుతుంది. ఇన్ని ఉన్నా, అంతా సరే అన్నట్టు తెర మీద ఆకుపచ్చ టిక్కు పడుతుంది! లూప్ నెమ్మదిగా నడిపి, గోడతో పాటు గీత కదులుతోందో లేదో కంటితో చూడాల్సిందే. ఒకే వ్యూలో రెండుకు మించి భాగాలు సరిగా పట్టకపోతే జీఎల్‌ఎస్ రాయకండి. బృహద్ధమని కవాటం మూసుకునే క్షణాన్ని, ఆ కవాటం కనిపించే ఎపికల్ లాంగ్ యాక్సిస్ వ్యూలో, మనమే గుర్తించడం మేలు.

రుమాటిక్ మైట్రల్ (కవాటం) జబ్బుతో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పడం) ఉంటే ఒక్క బీటు చూసి తేల్చకూడదు. ఐదు బీట్ల సగటు తీయాలి, లేదా వదిలేయాలి.

మందు గుండెను దెబ్బతీస్తోందేమో చూడాల్సిన కీమో రోగులు విశాఖ నుంచి వేరే కంపెనీ యంత్రం రిపోర్టు తెస్తారు. దాన్నీ మన అంకెనూ పక్కపక్కన పెట్టకూడదు. ఒకే యంత్రంలో, ఒకే వెర్షన్‌లో మైనస్ 20 నుంచి మైనస్ 17కు వస్తే అది 15 శాతం తగ్గుదల, పట్టించుకోవాలి. అప్పటి బీపీ రాసి ఉంచండి. బీపీ పెరిగినా అంకె తగ్గుతుంది.

లూప్‌ని రా డేటాగానే (యంత్రం తీసిన ఫ్రేములన్నీ ఉన్నట్టుగానే) దాచాలి. మామూలు ఎక్స్‌పోర్టులో చాలా యంత్రాలు సెకనుకు 30 ఫ్రేములకు కుదించేస్తాయి, తర్వాత కొలవడం కుదరదు. యూపీఎస్ లేకపోతే కరెంటు పోగానే గీసిందంతా పోతుంది.

కంపెనీ వాళ్లు డెమోకి, బొమ్మ సులువుగా వస్తుందని, సన్నటి కుర్రాణ్ని పడుకోబెడతారు. ఏళ్ల తరబడి చుట్ట తాగి, ఛాతీ ఉబ్బిన పెద్దాయన్ని పడుకోబెట్టి చూపించమనండి.