కమాన్ పట్టీ కత్తా, ఆకురాయి కత్తా?

కమ్మరి దగ్గర కత్తి చేయించుకోవాలంటే ఏ ఉక్కుతో అన్నది ముందే తేల్చుకోవాలి. మన కొలిముల్లో ఎక్కువగా దొరికేవి రెండే: లారీ కమాన్ పట్టీ, అరిగిపోయిన ఆకురాయి (ఇనుమును అరగదీసే ఉక్కు పనిముట్టు). ఒకే కమ్మరితో, ఒకే కొలతలతో రెండూ చేయించి పరీక్షించాను.

ఉక్కుకు గట్టిదనం ఇచ్చేది అందులోని కార్బన్. కమాన్ పట్టీలో అది సుమారు 0.6 శాతం. మంచి పాత ఆకురాయిలో ఒక శాతం, ఆపైన కూడా ఉంటుంది. చవక ఆకురాళ్లలో కొన్ని పైపొర మాత్రమే గట్టిగా ఉండే రకం. వాటితో కత్తి చేయించడం దండగ.

ముందుగా పదును. రెండింటినీ ఒకే రాయి మీద, ఒకే వాలుతో నూరాలి. వాదర పలచగా ఉన్న కత్తి ఎప్పుడూ బాగా తెగుతున్నట్టే అనిపిస్తుంది, అది ఉక్కు గొప్పతనం కాదు. లావుపాటి కొబ్బరితాడును చెక్క మీద పెట్టి, వాదరలో ఒకే చోటుతో కోస్తూ, పది కోతలకోసారి వార్తాపత్రిక కాగితం మీద చూశాను. ముందు కమాన్ పట్టీ కత్తి తడబడింది, కాగితం అంచు చిరుగులు పడింది. ఆకురాయి కత్తి అప్పటికీ సర్రున దిగుతూనే ఉంది.

తర్వాతి పరీక్షలో కథ తిరగబడింది. ఇత్తడి కడ్డీని బిగించి, వాదరను దాని మీద ఏటవాలుగా ఆనించి నొక్కుతూ జరపాలి. వెలుతురులో చూస్తే కడ్డీ తాకిన చోట వాదర సన్నగా ఉబ్బి, దాటగానే మామూలుగా అయిపోవాలి. కమాన్ పట్టీ కత్తి అచ్చంగా అలాగే చేసింది. ఆకురాయి కత్తికి మాత్రం నూకగింజలో సగమంత పెచ్చు ఊడింది. నాకు ప్రాణం ఉసూరుమంది.

తప్పు ఉక్కుది కాదు. ఎర్రగా కాల్చి నూనెలో ముంచాక, మళ్ళీ సన్నని సెగ మీద కాచి పెళుసు తగ్గించాలి. ఆ పని సరిగా జరగలేదు. తళతళలాడేలా రుద్ది, లేత గడ్డిరంగు వచ్చేదాకా, అంటే సుమారు 220 డిగ్రీల దాకా మళ్ళీ కాచి, కొత్తగా నూరాక అదే కడ్డీ మీద పెచ్చు ఊడలేదు. పదునులో తగ్గిందేమీ నాకు తెలియలేదు. అందుకే కత్తి చేతికి రాగానే ఇత్తడి కడ్డీ మీద చూడమని గట్టిగా చెబుతాను.

అమెరికాలో కత్తులు చేసే కమ్మరుల సంఘం అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ. అది పెట్టే పరీక్ష ఇంకా కఠినం. వేలాడే అంగుళం మందం తాడును ఒక్క వేటుతో తెంపాలి, కలప చెక్కను రెండుసార్లు పూర్తిగా తెగేలా నరకాలి, ఆ తర్వాత కూడా వాదర వెంట్రుకలు గొరగాలి, చివరికి కత్తిని 90 డిగ్రీలు వంచినా విరగకూడదు. వాదరను గట్టిగా, వెన్నును మెత్తగా ఉంచితే ఇది సాధ్యపడుతుంది. కూరగాయల కత్తికి ఈ వంపు పరీక్ష అక్కర్లేదు.

కూరగాయలు, చేపలు కోయడానికి ఆకురాయి కత్తే మేలు. కొబ్బరిబోండాలు, వెదురు, మాంసం ఎముకలకు కమాన్ పట్టీ. ఒక్కటే కొనుక్కునేవారికి నేను కమాన్ పట్టీ కత్తే చెబుతాను: మొద్దుబారితే రాయి మీద కాసేపు నూరితే చాలు, ఆకురాయి కత్తికి పెచ్చు ఊడితే వాదర మొత్తం అరగదీయాలి. చింతపండు, నిమ్మరసం తగిలితే రెండూ నల్లబడతాయి. వెంటనే కడిగి, తుడిచి, కాస్త కొబ్బరినూనె రాయండి.