మా గీక్ షోకి కంట్రోల్ రూమ్: ఓబీఎస్ స్టూడియో

కామిక్స్, గేమ్స్, అనిమే గురించి మా స్టూడెంట్ టీవీలో వచ్చే షోకి స్విచింగ్ (ఏ కెమెరా, ఏ క్లిప్ ఎప్పుడు తెరమీదకి రావాలో మార్చడం) చూసేది నేనే. దానికి నేను వాడేది ఓబీఎస్ స్టూడియో, వీడియో రికార్డింగ్, లైవ్ ప్రసారం చేసే సాఫ్ట్‌వేర్. 2012లో మొదలైన ఇది ఉచితం, ఓపెన్ సోర్స్. వాటర్‌మార్క్ ఉండదు, టైమ్ లిమిట్ ఉండదు. డబ్బుల్లేని టీమ్‌కి ఇంతకంటే ఏం కావాలి?

నాకు బాగా నచ్చింది స్టూడియో మోడ్. ఎడమవైపు ప్రివ్యూ (తర్వాత రాబోయేది), కుడివైపు ప్రోగ్రామ్ (ఇప్పుడు చూసేవాళ్లకి కనిపించేది). యాంకర్ ఇంకా మాట్లాడుతుండగానే తర్వాతి గేమ్ క్లిప్, గెస్ట్ పేరు పట్టీ ప్రివ్యూలో సిద్ధం చేసుకుని, వాక్యం పూర్తవగానే ట్రాన్సిషన్ నొక్కుతాను. చూసేవాళ్లకి ఎక్కడా తడబాటు కనిపించదు. వెనకున్న పచ్చ రంగు తీసేసి వేరే బొమ్మ పెట్టే క్రోమా కీ కూడా ఉంది కానీ, గ్రీన్ క్లాత్ మీద వెలుతురు సమానంగా పడకపోతే కాస్‌ప్లే విగ్గుల అంచులు పచ్చగా మెరుస్తాయి. అది లైట్లతోనే సరిచేయాలి.

రికార్డింగ్ ఎంకేవీ అనే ఫైల్ ఫార్మాట్‌లో పెట్టండి. మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా తీసింది దక్కుతుంది; తర్వాత రీమక్స్‌తో (వీడియోని మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా ఫైల్ ఫార్మాట్ మాత్రమే మార్చడం) ఎంపీ4 చేసుకోవచ్చు, క్వాలిటీ తగ్గదు.

ఆడియో మాత్రం కష్టపెడుతుంది. క్యాప్చర్ కార్డు (కెమెరా వీడియోని కంప్యూటర్‌లోకి తెచ్చే పరికరం) నుంచి వీడియో ఆలస్యంగా వస్తే పెదవులకీ మాటకీ పొంతన ఉండదు. మైక్‌కి సింక్ ఆఫ్‌సెట్, అంటే శబ్దాన్ని ఎంత ఆలస్యం చేయాలో, మిల్లీసెకన్లలో మనమే పెట్టాలి. కొత్తవాళ్లకి ఇది టెన్షనే. అయినా మా జూనియర్లకి నేను మొదట నేర్పేది ఈ సాఫ్ట్‌వేరే.