దోమతెరా, లిక్విడ్ మెషీనా: నిద్రకు ఏది మేలు?

దోమను రెండూ ఆపుతాయి. తేడా అంతా రాత్రంతా మనం పీల్చే గాలిలోనే. మెషీన్ సీసాలో ఉండేది ఎక్కువగా ట్రాన్స్‌ఫ్లుత్రిన్ లేదా ప్రాలెత్రిన్. వేడెక్కిన వత్తి నుంచి ఆవిరై దోమ నరాలను దెబ్బతీస్తుంది. మన ఒంట్లోకి చేరింది కాలేయంలో విరిగి మూత్రంలో పోతుంది. అది నేరుగా నిద్రలేమి తెస్తుందని రుజువు కాలేదు గానీ, తలుపులన్నీ బిగించిన ఏసీ గదిలో తెల్లవార్లూ వెలిగితే కొందరికి గొంతు గరగర, ముక్కుదిబ్బడ, దగ్గు మొదలవ్వొచ్చు. ఆస్తమా ఉన్నవాళ్లకు మరీనూ. నిద్ర చెడడానికి ఆ దగ్గు చాలు. తరచూ మెలకువ వస్తుంటే ఓ వారం మెషీన్ ఆపి, తెర కట్టి చూడండి.

తెరతో మందు బెడద లేదు, ఉక్కపోత ఉంది. గుడ్డ తెర గాలి ఆపేస్తుంది. చదరపు అంగుళానికి 156 కన్నాలుండే పాలియెస్టర్ వల తీసుకోండి. చీకటి పడ్డాక దించితే దోమ లోపలే చిక్కుతుంది, కాబట్టి ఆరింటికల్లా దించి అంచులు జానెడు పరుపు కింద దోపాలి. మోచెయ్యి వలకు ఆనితే బయటి నుంచే కుడుతుంది. ఇరుకు మంచానికి పెద్ద సైజు తెర కొనడం అందుకే.

పడకకు మా ఓటు తెరకే. డెంగీ దోమ పగలూ, సాయంత్రమూ కుడుతుంది, మెలకువగా తిరిగే ఆ వేళ మనం తెరలో ఉండం. ఆ వేళ హాల్లో మెషీన్ పెట్టి, పడుకునే ముందు ఆపేసి, జాలీ ఉన్న కిటికీ తెరవండి. కాయిల్ మాత్రం పడకగదిలో వద్దు: మందుకు పొగ కూడా తోడవుతుంది.