అనంతపురం కేబుల్‌లో స్పోర్ట్స్ ప్యాక్: క్రికెట్ కోసం సీరియళ్లూ కొనాలా?

ముందు మార్కులు. బొమ్మకు ఐదుకు మూడున్నర, ధరకు మూడు, నమ్మకానికి రెండు. అనంతపురం టౌనులోనూ చుట్టుపక్కల మండలాల్లోనూ లోకల్ కేబుల్ ఆపరేటర్లు ఇచ్చే స్పోర్ట్స్ ప్యాక్‌కు మేం ఇచ్చే మార్కులివి. ఫలానా ఆపరేటర్ అని పేరు పెట్టడం లేదు. సాయినగర్‌లో వైరు లాగినాయన వేరు, గుత్తి రోడ్డులో లాగినాయన వేరు, వాళ్ల వెనక నడిచే లెక్క మాత్రం ఒకటే. నమ్మకం దగ్గర మార్కులు తెగ్గొట్టింది కూడా ఆ లెక్కే.

బిల్లులో రెండు భాగాలుంటాయి. మొదటిది నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు (ఎన్‌సీఎఫ్), అంటే వైరు వాడుకున్నందుకు కట్టే అద్దె అనుకోండి. 2019లో కొత్త టారిఫ్ అమల్లోకి వచ్చినప్పుడు 100 ఎస్‌డీ (మామూలు నాణ్యత) చానెళ్లకు 130 రూపాయలు మించకూడదన్నారు. 2020 సవరణలో అదే 130కి 200 చానెళ్లు ఇవ్వాలన్నారు. 2024 జులైలో టెలికాం, టీవీ రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆ గరిష్ఠ పరిమితిని ఎత్తేసింది. అందుకే ఇప్పుడు ఒక వీధిలో ఒక రేటు, పక్క వీధిలో ఇంకో రేటు ఉన్నా రూలు తప్పినట్టు కాదు. రెండో భాగం పే చానెళ్ల ధర. ఈ రెండింటి మీదా 18 శాతం జీఎస్టీ.

తగాదా అంతా రెండో భాగంలోనే. చానెల్‌ను బొకేలో, అంటే కొన్ని చానెళ్లు కలిపి ఒకే ధరకు అమ్మే కట్టలో, పెట్టాలంటే దాని విడి ధర 19 రూపాయలు దాటకూడదు. విడిగా మాత్రమే అమ్ముకుంటామంటే ఎంతైనా పెట్టుకోవచ్చు, కానీ అంత ధర పెట్టిన చానెల్‌ను విడిగా అడిగి తీసుకునేవాళ్లు తక్కువ. కాబట్టి పేరున్న చానెళ్లు ఆ 19 దగ్గరే ఆగుతాయి. ఆ 19లో 20 శాతం, అంటే 3.80, పంపిణీ చేసేవాళ్ల వాటా. వేరే ఒప్పందం రాసుకోకపోతే అందులో పెద్ద ఆపరేటర్‌కు, అంటే ఎంఎస్‌ఓకు, 55 శాతం కింద 2.09, మన వీధి ఆపరేటర్‌కు 45 శాతం కింద 1.71 పోతాయి. "ఒక్క చానెల్ వేయి అన్నా" అంటే ఆయన ముఖం ఎందుకు చిట్లిస్తాడో ఇప్పుడు అర్థమవుతుంది. రూపాయీ డెబ్బై పైసల కోసం ఎంఎస్‌ఓ సాఫ్ట్‌వేర్ తెరిచి, మీ బాక్సు నంబరు కొట్టి, ఆ చానెల్ ఒక్కటీ కలపాలి. అది వచ్చిందా లేదా అని మీరు చేసే ఫోను దానికి అదనం.

ఈ 20 శాతం కాక, బ్రాడ్‌కాస్టర్, అంటే చానెల్ నడిపే సంస్థ, తన ఇష్టం మీద ఎంఎస్‌ఓకు ఇంకో 15 శాతం దాకా తగ్గింపు ఇవ్వొచ్చు. 19 రూపాయల మీద అది 2.85. ఊరికే ఇవ్వరు. తమ బొకే ఎన్ని ఇళ్లకు చేరింది, తమ చానెల్ రిమోట్‌లో ఏ నంబరు మీద కూర్చుంది అన్న లెక్కల మీద ఇస్తారు. అందుకే ఆపరేటర్ చేతిలో ఉండే కాగితం మీద ఎప్పుడూ బొకేలే ఉంటాయి, విడి చానెళ్ల జాబితా ఉండదు.

బొకే ధర ఎలా కుదురుతుందో చూడండి. లోపలి చానెళ్ల విడి ధరలన్నీ కూడితే వచ్చే మొత్తం మీద 45 శాతానికి మించి తగ్గించకూడదు. పది చానెళ్ల మొత్తం 100 అయితే బొకే 55కు ఇవ్వొచ్చన్నమాట. అందులో రెండు స్పోర్ట్స్, ఒక సీరియళ్ల చానెల్ 19 చొప్పున 57 అయ్యాయనుకుందాం. మిగతా ఏడూ కలిపి 43. ఆ మూడే విడిగా తీసుకుంటే 57, పదీ కలిపి తీసుకుంటే 55. ఇక విడిగా ఎవరు అడుగుతారు? కానీ సీరియల్ అక్కర్లేని ఇంట్లో, అంటే బ్యాచిలర్ రూముల్లో, షాపుల్లో, రెండు స్పోర్ట్స్ చానెళ్లు 38కే వస్తాయి. జీఎస్టీతో 44.84. బొకే అయితే 64.90. నెలకు 20 రూపాయల తేడా. ఏడాదికి 240 అవుతుంది, ఆ డబ్బుతో ఇంకో ఐదు నెలలు అవే రెండు చానెళ్లు చూడొచ్చు.

మా సలహా ఏమంటే, ఇంట్లో తెలుగు వినోద చానెళ్లు ఎలాగూ చూస్తుంటే, ఆ సంస్థదే స్పోర్ట్స్ చానెల్ కూడా ఉన్న బొకే తీసుకోండి. రెండో సంస్థ స్పోర్ట్స్‌ను మాత్రం విడిగా, అవసరమైన నెలలోనే వేయించుకోండి. రెండు సంస్థల బొకేలూ ఏడాది పొడవునా కట్టడం దండగ. ఏది ఎక్కడ వస్తుందో తెలిస్తే ఆ పని సులువు. ఐపీఎల్ టీవీ హక్కులు 2023 నుంచి 2027 దాకా స్టార్‌వి, వాటి వేలం ధరే 23,575 కోట్లు. ఐసీసీ టోర్నీలు కూడా 2027 దాకా అక్కడే. మన దేశంలో భారత్ ఆడే సిరీస్‌ల హక్కులు 2023లో వయాకామ్18 కొన్నది, 2024 నవంబరులో ఆ రెండు సంస్థలూ కలిసిపోవడంతో అవీ స్టార్ స్పోర్ట్స్‌కే వచ్చాయి. ఆసియా కప్ మాత్రం సోనీది. 2025లో భారత్ ఇంగ్లండ్‌లో ఆడిన టెస్టులు టీవీలో సోనీలోనే వచ్చాయి. విదేశీ పర్యటన అంటే ఆతిథ్య బోర్డు ఎవరికి అమ్మిందో సిరీస్‌కు ముందు చూసుకోవాలి. పోయినసారి ఇక్కడ వచ్చింది కదా అని రీచార్జ్ చేస్తే దెబ్బ తింటారు.

ఇక నమ్మకం సంగతి. 2023 ఫిబ్రవరి గుర్తుందా? ట్రాయ్ అంతకుముందు బొకేలోని చానెల్‌కు 12 రూపాయల పరిమితి పెట్టింది. దానికి బ్రాడ్‌కాస్టర్లు బాంబే హైకోర్టుకెక్కారు, ఆ తర్వాత పేరున్న చానెళ్లను, స్పోర్ట్స్‌ను బొకేల్లోంచి బయటికి లాగి విడి ధరలు పెంచేస్తామన్నట్టుగా రేట్లు ప్రకటించారు. చివరికి 2022 నవంబరులో ట్రాయ్ మళ్లీ 19కి వచ్చి, 45 శాతం తగ్గింపు రూలు పెట్టింది. 2023 ఫిబ్రవరి నుంచి కొత్త ధరలు. కొత్త ఒప్పందం మీద సంతకం చేయకుండా కేబుల్ సంస్థల సమాఖ్య కేరళ హైకోర్టు గడప తొక్కింది. స్టార్, సోనీ, జీ సంస్థలు సంతకం చేయని ఎంఎస్‌ఓలకు ఫిబ్రవరి 18న సిగ్నల్ ఆపేశాయి. ఢిల్లీలో భారత్, ఆస్ట్రేలియా టెస్టు జరుగుతోంది అప్పుడు. 17న మొదలై 19కల్లా ముగిసిపోయింది. వారం తిరగకముందే రాజీ కుదిరి చానెళ్లు తిరిగొచ్చాయి, టెస్టు మాత్రం తిరిగి రాలేదు.

మ్యాచ్ మధ్యలోనే ఎందుకు ఆపుతారంటే, పట్టు అక్కడే ఉంటుంది కాబట్టి. సీరియల్ ఒక వారం ఆగినా జనం ఓర్చుకుంటారు, కథ ఎటూ పోదు. మ్యాచ్ ఆగితే పది నిమిషాల్లో ఆపరేటర్ ఫోను మోగిపోతుంది. ఇది మన దగ్గరే పుట్టిన రోగం కాదు. అమెరికాలో 2023 ఆగస్టు 31న డిస్నీ, చార్టర్ కేబుల్ సంస్థల ఒప్పందం తెగి, దాదాపు ఒకటిన్నర కోటి ఇళ్లలో డిస్నీ వాళ్ల స్పోర్ట్స్ చానెల్ ఈఎస్‌పీఎన్ ఆగింది. అప్పుడు యూఎస్ ఓపెన్ టెన్నిస్ నడుస్తోంది. సెప్టెంబరు 11న, సోమవారం రాత్రి ఫుట్‌బాల్ మ్యాచ్‌కు కొన్ని గంటల ముందు సంతకాలయ్యాయి. ముహూర్తాలు ఎవరు పెడతారో చూడండి.

కేబుల్ వాళ్ల బాధలోనూ న్యాయం ఉంది. టీవీలో డబ్బు కట్టి చూడాల్సిన మ్యాచ్‌ను అదే సంస్థ ఫోన్ యాప్‌లో ఉచితంగా ఇస్తే, "నువ్వెందుకు వసూలు చేస్తున్నావు?" అని నిలదీసేది ఆపరేటర్‌నే. 2023 ప్రపంచ కప్ అలాగే ఫోన్లలో ఉచితంగా వచ్చింది. అయితే ఆ కోపం బొకే ధరలో ఎక్కడా తగ్గింపుగా కనిపించదు, మన దాకా వచ్చేది సిగ్నల్ కోతే.

గొడవ వల్ల చానెల్ ఆపాలంటే ఒక పద్ధతి ఉంది. ఆపే పక్షం మూడు వారాల ముందు కారణం రాసి నోటీసు ఇవ్వాలి. కేబుల్ సంస్థ 15 రోజుల ముందు నుంచి స్క్రోలింగ్‌లో ఏ తేదీన ఆగుతుందో చూపాలి. తెర అడుగున సన్నగా పరుగెత్తే ఆ వాక్యాన్ని అందరూ ప్రకటనే అనుకుని వదిలేస్తారు. పెద్ద టోర్నీకి ముందు నెలలో దాన్ని చదవండి. కనిపిస్తే ఆ నెల ఆరు నెలల ప్యాక్ కట్టొద్దు, ఒక నెలకే కట్టండి.

మ్యాచ్ రాకపోతే ప్రతిసారీ గొడవే అనుకోనక్కర్లేదు. తెర ఏమంటోందో చూడాలి. అన్ని చానెళ్లలోనూ "నో సిగ్నల్" వస్తే వైరు తెగినట్టు, లేదా స్తంభం మీద యాంప్లిఫయర్‌కు కరెంటు పోయినట్టు. ఒక్క స్పోర్ట్స్ మీదే "నాట్ సబ్‌స్క్రైబ్డ్" అని వస్తే ప్యాక్ ఎక్కలేదు లేదా గడువు ముగిసింది. బొమ్మ గళ్లుగళ్లుగా చెదురుతుంటే, దానితోపాటు ఇంకో పది, పదిహేను చానెళ్లు అలాగే చెదురుతున్నాయేమో చూడండి. అవన్నీ ఒకే ఫ్రీక్వెన్సీలో వస్తుంటాయి, అక్కడ సిగ్నల్ బలం తక్కువైంది. ఇంట్లో రెండో టీవీ కోసం పెట్టిన స్ప్లిటర్ తీసేసి నేరుగా కలిపి చూడండి. రెండు దారుల స్ప్లిటర్ సుమారు మూడున్నర డెసిబెల్స్ తినేస్తుంది, తుప్పు పట్టిన కనెక్టర్ ఇంకాస్త. ఇవేవీ కాక, చెల్లింపు వివాదం వల్ల చానెల్ ఆపామని తెర మీద బోర్డు వేస్తే, అప్పుడది పైవాళ్ల గొడవ. ఆపరేటర్‌ను తిట్టి లాభం లేదు.

జనం ఎక్కువగా మోసపోయే చోటు ఇంకొకటి ఉంది. "డీడీలో ఫ్రీగా వస్తుంది కదా" అంటారు. 2007 చట్టం ప్రకారం దేశానికి ముఖ్యమైన మ్యాచ్‌ల సిగ్నల్‌ను హక్కుదారు ప్రసార భారతికి ఇవ్వాలి. అయితే ఆ సిగ్నల్ దూరదర్శన్ సొంత టవర్లకూ, సొంత డీటీహెచ్‌కే పరిమితమని, ప్రైవేటు కేబుల్‌కు ఇవ్వడం కుదరదని సుప్రీంకోర్టు 2017 ఆగస్టులో తేల్చింది. కాబట్టి కేబుల్ బాక్సులో డీడీ ఉన్నా మ్యాచ్ రాదు. దూరదర్శన్ సొంత డీటీహెచ్ అయిన డీడీ ఫ్రీ డిష్‌లో వస్తుంది. ఐపీఎల్ ఆ ముఖ్యమైన మ్యాచ్‌ల జాబితాలోనే లేదు. భారత్ ఆడే వన్డేలు, టీ20లు చాలనుకునేవాళ్లకు ఒకసారి డిష్ కొని ఫ్రీ డిష్ పెట్టించుకోవడమే మంచి బేరం, నెలవారీ ఏమీ లేదు. అనంతపురం నుంచి ఆ ఉపగ్రహం ఆగ్నేయంలో, సుమారు 65 డిగ్రీల ఎత్తున ఉంటుంది. మేడ మీద ఆగ్నేయం వైపు కొబ్బరిచెట్టో, నీళ్ల ట్యాంకో అడ్డం లేకుండా చూసుకోండి.

బొమ్మ నాణ్యతకు మూడున్నర ఎందుకంటే, హెచ్‌డీ బాగానే ఉంది, ఎస్‌డీ అంత బాగా లేదు. ఒకే ఫ్రీక్వెన్సీలో ఎక్కువ చానెళ్లు కుక్కితే ఒక్కోదానికి దక్కే డేటా తగ్గుతుంది. న్యూస్‌లో యాంకర్ కూర్చునే ఉంటాడు కాబట్టి తెలియదు, బౌండరీ వైపు దూసుకెళ్లే బంతి మాత్రం తోక చుక్కలా మసకబారుతుంది. హెచ్‌డీ వేయిస్తే ఎన్‌సీఎఫ్ లెక్కలో రెండు చానెళ్లుగా పడుతుంది, అది మరిచిపోవద్దు. కేబుల్‌కున్న పెద్ద బలం వేగం. యాప్‌లో బొమ్మ సెకన్ల కొద్దీ వెనకుంటుంది. పక్కింట్లో కేబుల్ ఉండి మీరు యాప్‌లో చూస్తుంటే, మీ తెర మీద బౌలర్ పరుగెత్తకముందే గోడ అవతల "ఔట్!" అని కేక వినిపిస్తుంది.

కర్ణాటక సరిహద్దు ఊళ్లలో, రాయదుర్గం, మడకశిర వైపు, అడిగి తీరాల్సిన సంగతి భాష. ఆంధ్రకు తయారుచేసిన బొకేలో తెలుగు స్పోర్ట్స్ చానెలే ఉంటుంది. కన్నడ వ్యాఖ్యానం కావాలంటే ఆ చానెల్‌ను విడిగా కలపమనాలి. ఆర్‌సీబీ మ్యాచ్ రోజు సాయంత్రం అడిగితే ఆలస్యమైపోయినట్టే.

వేయించుకునేటప్పుడు "స్పోర్ట్స్ వేయన్నా" అంటే చాలదు. చానెల్ పేరు, భాష, ఎస్‌డీయో హెచ్‌డీయో చెప్పండి, ఎంఎస్‌ఓ నుంచి వచ్చే మెసేజ్‌లో అవే ఉన్నాయో లేదో చూడండి. ఆపరేటర్ కమాండ్ పంపే సమయంలో బాక్సు ఆన్‌లో ఉండాలి, స్టాండ్‌బైలో ఉంటే ఎక్కదు. ఏదో ఒక చానెల్ పెట్టి పది, పదిహేను నిమిషాలు వదిలేయండి. అప్పటికీ రాకపోతే బాక్సు ఒకసారి ఆపి వేసి, మళ్లీ పంపమనండి. ఈ పని మ్యాచ్‌కు ముందు రోజు మధ్యాహ్నమే చేసుకోండి. టాస్ సమయానికి ఊళ్లో సగం ఇళ్లు అదే నంబరుకు ఫోన్ చేస్తుంటాయి.