డ్రగ్ టెస్ట్ కిట్: గంజాయికి సరే, స్టాంపుకు దండగ

ఆరు గళ్ల యూరిన్ టెస్ట్ కిట్ కొనేముందు పెట్టె మీద ఏయే గళ్లున్నాయో చదవండి. గంజాయి, మార్ఫిన్, కొకైన్, యాంఫెటమైన్, మెథాంఫెటమైన్, నిద్రమాత్రల జాతి బెంజోడయాజెపైన్. మామూలుగా ఉండేవి ఇవే. భ్రాంతులు కలిగించే మత్తుమందు ఎల్‌ఎస్‌డీ ఉండదు, అలాంటిదే మేజిక్ పుట్టగొడుగుల్లోని సైలోసిబిన్ కూడా ఉండదు. మహారాష్ట్రలో సిరోంచా, అహేరి, బల్లార్‌పూర్ వైపు తెలుగు ఇళ్లలో పిల్లాడి పర్సులో ‘స్టాంపు’ (ఎల్‌ఎస్‌డీ పట్టించిన చిన్న కాగితం) ముక్క కనబడి ఈ కిట్ తెప్పించుకునేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే. ఆరు గళ్లూ నెగెటివ్ వచ్చినా ఆ అనుమానం తీరదు.

కారణం మోతాదు. స్టాంపు మీద ఉండే ఎల్‌ఎస్‌డీ సుమారు 100 మైక్రోగ్రాములు. అందులో చాలా భాగం ఒంట్లోనే మారిపోతుంది, మూత్రంలోకి వచ్చేది అతి తక్కువ. దాన్ని పట్టాలంటే పెద్ద ల్యాబ్‌లో మాస్ స్పెక్ట్రోమెట్రీ (అణువుల బరువును బట్టి పదార్థాన్ని గుర్తించే పరీక్ష) కావాలి. అదీ రెండు మూడు రోజుల్లోపే.

గంజాయికి మాత్రం ఇది పనికొస్తుంది, పద్ధతిగా చేస్తే. ఎక్కువమంది తప్పేది ఫలితం చదవడంలో. స్ట్రిప్ మీద టీ (టెస్ట్) అక్షరం దగ్గర గీత పడితే నెగెటివ్, పడకపోతే పాజిటివ్. గర్భ పరీక్షకు ఇది సరిగ్గా తిరగేసిన లెక్క. గీత ఎంత పలచగా పడినా నెగెటివే. సీ (కంట్రోల్, అంటే స్ట్రిప్ పనిచేసిందని చూపేది) గీత రాకపోతే ఆ స్ట్రిప్ పారేయాలి. 5 నిమిషాలకు చూడండి, 10 దాటాక చూసింది లెక్కలోకి రాదు. మూత్రం నీళ్లలా తెల్లగా ఉంటే, లేదా పట్టిన 4 నిమిషాల్లోపు వేడి 32 నుంచి 38 డిగ్రీల మధ్య లేకపోతే మళ్లీ పట్టించండి. కిట్ నిల్వ 2 నుంచి 30 డిగ్రీల మధ్యే. చంద్రపూర్ ఎండ 45 దాటే మే నెలలో కొరియర్‌లో రోజుల తరబడి మగ్గిన పెట్టెను మేం నమ్మం. ఆ నెలల్లో చల్లగా నిల్వ పెట్టే మందుల షాపులోనే కొనండి.

పాజిటివ్ రాగానే పిల్లాడి మీదకి వెళ్లకండి. హోలీకి తాగిన భంగు థండాయి గంజాయి గడిలో పడుతుంది. మార్ఫిన్ గడి కట్-ఆఫ్ (పాజిటివ్‌గా లెక్కేసే హద్దు) మిల్లీలీటరుకు 300 నానోగ్రాములైతే, కిరాణా కొట్లో ఖస్‌ఖస్ అని ఇచ్చే గసగసాలు దండిగా పడిన మటన్ కూర కూడా చాలు. కోడీన్ ఉన్న దగ్గు మందుకూ అంతే. రోజూ గంజాయి తాగినవాడికి మానేసిన నెల తర్వాత కూడా పాజిటివ్ రావచ్చు, కాబట్టి అది నిన్న తాగాడనడానికి సాక్ష్యం కాదు.

ఉమ్మెత్త గింజల్నీ ఈ కిట్ పట్టదు. కంటిపాపలు పెద్దవై, నోరెండి, ఒళ్లు కాలిపోతూ చెమట లేకుండా, లేనివాళ్లతో మాట్లాడుతుంటే స్ట్రిప్ కోసం వెతక్కండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక మనసు సంగతి. 2024లో స్వీడన్ కవల పిల్లల మీద వచ్చిన అధ్యయనం కౌమారంలో సైకెడెలిక్స్ (ఎల్‌ఎస్‌డీ, సైలోసిబిన్ లాంటివి) వాడకాన్ని పరిశీలించింది. మిగతా మత్తుల ప్రభావం తీసి చూస్తే వాడినవాళ్లలో సైకోసిస్ (లేనివి కనబడటం, వినబడటం లాంటి) లక్షణాలు తక్కువగానే తేలాయి. అయితే స్కిజోఫ్రీనియా, బైపోలార్ జన్యు ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లలో ఈ వాడకానికీ ఉన్మాద (మేనియా) లక్షణాలకూ సంబంధం ఎక్కువగా కనిపించింది. అందుకే స్ట్రిప్ కంటే ముందు అడగాల్సిన ప్రశ్న: మేనమామకో, తాతకో, అమ్మకో ఆ జబ్బుల్లో ఏదైనా ఉందా? మన ఇళ్లలో ఈ మాట దాస్తారు. డాక్టరు దగ్గర మాత్రం దాచకండి. మూడు రాత్రులు నిద్ర లేకపోయినా అలసట లేకపోవడం, ఆగని మాటలు, ఉన్నట్టుండి భారీ ప్లాన్లు, లేదా కదిలే వస్తువుల వెనక జాడలు వారాల తరబడి కనబడటం. ఇవి గమనించి తేదీలతో రాసుకోండి.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, 24 గంటలూ. సేవలందే 20 భాషల్లో తెలుగూ ఉంది. ఫోన్ చేసేటప్పుడు ఆ తేదీలు రాసుకున్న కాగితం, పిల్లాడు వాడే మందుల చీటీ దగ్గర పెట్టుకోండి.