తెర పక్కన దాక్కున్నవాడూ రికార్డయ్యాడు: పాత ఫ్లాష్ ఆటలకు రఫుల్, ఓబీఎస్

పాత ఫ్లాష్ ఆటలను ఇప్పటి కంప్యూటర్లలో నడిపించే రఫుల్ అంటే ఏమిటో, తెర మీద జరిగేదాన్ని వీడియోగా రికార్డు చేసే ఓబీఎస్ ఎలా ఇన్‌స్టాల్ చేయాలో చెప్పే వీడియోలకు కొదవ లేదు. ఒకప్పుడు బ్రౌజర్లో ఈ ఆటలను నడిపిన ఫ్లాష్ ప్లేయర్‌కు 2020 డిసెంబర్ 31తో మంగళం పాడేశారన్నదీ పాత సంగతే. అవన్నీ పక్కన పెట్టి, ఈ జంటను చాలాకాలంగా వాడుతున్న నన్ను ఇప్పటికీ వదలని ఒక్క విషయం దగ్గరికే వస్తాను. ఎప్పుడో వెబ్ పేజీలో చిన్న డబ్బాలో ఆడుకోవడానికి గీసిన ఆట, ఫుల్ హెచ్‌డీ సైజులో కూడా గీత చెదరకుండా వస్తుంది.

చాలా ఫ్లాష్ ఆటల స్టేజ్, అంటే ఆట కనిపించే చోటు, 550×400 పిక్సెళ్లే. ఆ సైజులోనే రికార్డు చేసి పెట్టిన పాత వీడియోలు ఇప్పుడు పెద్ద తెర మీద చూస్తే అంచులన్నీ మసకే. కానీ ఫ్లాష్ బొమ్మల్లో ఎక్కువ భాగం వెక్టర్. ఫైల్లో ఉండేది పిక్సెళ్లు కాదు. ఈ గీత ఇక్కణ్నుంచి అక్కడికి, ఇంత వంపు, ఈ రంగు అన్న లెక్క. విండో పెద్దది చేస్తే రఫుల్ ఆ లెక్క ప్రకారం బొమ్మను కొత్త సైజులో మళ్లీ గీస్తుంది. చిన్న సైజులో రికార్డు చేసిన వీడియోను ఎడిటర్‌లో సాగదీయడం వేరు, ఆటనే ముందు 1080 పిక్సెళ్ల ఎత్తుకు పెంచి అప్పుడు రికార్డు చేయడం వేరు. ఒకే సీన్‌ను రెండు రకాలుగానూ తీసి పక్కపక్కన పెట్టాను. మొదటిదాంట్లో హీరో కనుబొమ ఒక బూడిదరంగు మరక. రెండోదాంట్లో అది నిఖార్సైన నల్ల గీత, చివర ఎక్కడ సన్నబడిందో కూడా కనిపిస్తోంది. గీసినవాళ్లు ఆ గీత మీద అంత శ్రద్ధ పెట్టారని ఆట ఆడిన రోజుల్లో నాకు తెలియనే తెలియదు.

ఇక అసలు కథ. గదిలోంచి తప్పించుకునే పజిల్ ఆట ఒకటి. ఫుల్ స్క్రీన్ కాకుండా విండోనే తెర నిండా సాగదీసి, లెటర్‌బాక్స్ (స్టేజ్ పక్కల మిగిలే చోటును నల్లగా మూసే సెట్టింగ్) ఆఫ్‌లో ఉంచి ఆడాను. ఆడుతున్నంతసేపూ కళ్లు పజిల్ మీదే. ఎడిటింగ్‌కి కూర్చున్నాక, గది గోడకు బయట కుడి పక్కన ఒక మోచెయ్యి కనిపించింది. జూమ్ చేసి చూస్తే యూనిఫాం వేసుకున్న కాపలావాడు, బిగుసుకుపోయి నిలబడి ఉన్నాడు. వీడియో వెనక్కి జరిపాను. ఆట మొదలైన క్షణం నుంచీ అక్కడే ఉన్నాడు! చివర్లో అలారం మోగగానే ఆ పక్కనుంచే గదిలోకి జారుకుంటూ వచ్చాడు. తన సీన్ కోసం వేషం కట్టి తెర పక్కన కాచుకుని ఉన్న నటుడిలాగే.

ఎడమ పక్క ఇంకా బాగుంది. తర్వాత్తర్వాత మనకు దొరకాల్సిన సామాన్లన్నీ అక్కడ ఒకదాని మీద ఒకటి కుప్పగా పడున్నాయి. తాళంచెవి, టార్చ్‌లైట్, స్క్రూడ్రైవర్, వాటి కింద సగం కనిపిస్తూ ఒక నిచ్చెన. తాళంచెవీ టార్చ్‌లైటూ తమ వంతు రాగానే ఆటలోకి వచ్చాయి. నిచ్చెన మాత్రం ఆట అయిపోయేదాకా రాలేదు. దాంతో పరిష్కరించాల్సిన పజిల్ ఏదో అనుకుని, తర్వాత మానేసి ఉంటారని నా ఊహ. దాన్ని తీసేయడానికి బద్ధకించి అక్కడే వదిలేశారు కాబోలు.

ఇందులో మాయ ఏమీ లేదు. అప్పటికి అక్కర్లేని వస్తువులను స్టేజ్ హద్దు బయట పార్క్ చేయడం ఫ్లాష్ డెవలపర్లకు మామూలు అలవాటు. వెబ్ పేజీలో ఆటకు సరిగ్గా స్టేజ్ సైజు డబ్బానే ఇచ్చేవాళ్లు కాబట్టి అవి ఎవరి కంటా పడేవి కావు. కొందరు జాగ్రత్తపరులు స్టేజ్ చుట్టూ ఓ పెద్ద నల్ల చట్రం కూడా పెట్టేవాళ్లు, ఇలాంటిది బయటపడకుండా. విండో కొలతల నిష్పత్తి మారితేనే గుట్టు రట్టవుతుంది. 400 ఎత్తును 1080కి పెంచితే 2.7 రెట్లు. ఆ లెక్కన 550 వెడల్పు 1485 అవుతుంది. 1920 వెడల్పు తెర మీద ఇంకా 435 పిక్సెళ్లు మిగులుతాయి, అటూ ఇటూ సుమారు 217. కాపలావాడు నిలబడడానికి ఆ మాత్రం చోటు చాలు.

దీనివల్ల తలనొప్పి కూడా ఉంది. క్లైమాక్స్‌లో రావాల్సినవాడు మొదటి నిమిషం నుంచే పక్కన కనిపిస్తుంటే చూసేవాళ్లకు థ్రిల్ ఏముంటుంది? లెటర్‌బాక్స్ ఆన్ చేస్తే పక్కలు నల్లగా మూసుకుంటాయి. లేదా ఓబీఎస్‌లో ఆల్ట్ కీ నొక్కి పట్టుకుని సోర్స్ (రికార్డవుతున్న బొమ్మ) అంచును లోపలికి లాగితే ఆ మేరకు క్రాప్ అవుతుంది. రెండూ సులువే, కానీ రెండింట్లోనూ నిచ్చెన పోతుంది! అందుకే నేను పూర్తి వెడల్పుతోనే రికార్డు చేసుకుని, క్రాప్ పని ఎడిటర్‌లో పెట్టుకుంటాను. వీడియో అంతా పక్కలు మూసి ఉంచి, చివర్లో ఒక్కసారి తెరిచి ఇదిగో మీకు కనబడనిది అని చూపిస్తాను. ఈ పద్ధతి అన్ని ఆటలకూ నప్పదు. షూటింగ్ ఆటల్లో హద్దు దాటిన తూటాలు గాల్లో పోతూనే ఉంటాయి. బ్యాక్‌గ్రౌండ్ హఠాత్తుగా తెగిపోయి పక్కన ఉత్త రంగు కనిపిస్తుంది. వాటికి నల్ల పట్టీలే మర్యాద.

మొదట్లో ఈ పదును గురించి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాణ్ని. ఇప్పుడు కాస్త తగ్గించి చెబుతున్నాను. వెక్టర్ బొమ్మలకే ఈ సుఖం. ఫొటోలు, ముందే పిక్సెళ్లుగా మార్చి పెట్టిన బొమ్మలు వాడిన ఆటలు పెద్దవి చేస్తే మసకగానే ఉంటాయి. పదునైన హీరో వెనక మసక అడవి నిలబడితే ఇంకా ఎబ్బెట్టు. గ్లో, బ్లర్ లాంటి ఎఫెక్టులు దట్టంగా వాడిన ఆటను పెద్ద సైజులో నడిపితే నా పాత ల్యాప్‌టాప్‌కు ఆయాసం వస్తుంది, ఆ తడబాటు వీడియోలోకి కూడా ఎక్కుతుంది. నిజం చెప్పాలంటే, ఇలా మళ్లీ గీయడం రఫుల్ కనిపెట్టిందేమీ కాదు, పాత ఫ్లాష్ ప్లేయర్‌కూ వచ్చు. పైగా 2006లో ఫ్లాష్ ప్లేయర్ 9తో వచ్చిన యాక్షన్‌స్క్రిప్ట్ 3 అనే ప్రోగ్రామింగ్ భాష వాడిన ఆటల్లో కొన్ని రఫుల్‌లో ఇంకా సవ్యంగా నడవవు. అలాంటివాటికి నేను పాత వెబ్ ఆటలను భద్రపరిచి నడిపించే ఫ్లాష్‌పాయింట్ ఆర్కైవ్ తెరుస్తాను. తన సొంత వెబ్‌సైట్‌లో ఉంటే తప్ప నడవనని మొండికేసే ఆటలను కూడా, అక్కడే ఉన్నావని నమ్మించి నడిపిస్తుంది అది.

ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకు ఎన్ని బొమ్మలు మారతాయన్నది, దాని గురించి రెండు ముక్కలు. ఫ్లాష్ ఆటలు చాలావరకు 60కి నడవవు. 12, 24, 30 ఎక్కువ. 60లో రికార్డు చేస్తే 30 ఆటకు ప్రతి ఫ్రేమ్ రెండుసార్లు, 12 ఆటకు ఐదుసార్లు వస్తుంది, ఇబ్బంది లేదు. 24 ఆటకు మాత్రం ఒక ఫ్రేమ్ రెండుసార్లు, తర్వాతిది మూడుసార్లు పడి, నడిచే బొమ్మ కుంటుతున్నట్టు అనిపిస్తుంది. ఓబీఎస్‌లో 48 అని మనమే టైప్ చేసి పెట్టుకోవచ్చు, అప్పుడు ప్రతి ఫ్రేమూ సరిగ్గా రెండుసార్లే పడుతుంది. నేను వాడే ఎడిటర్ ఒకటుంది, ఒక్క క్లిప్ లోపలికి వచ్చాక ఇక ప్రాజెక్టు ఫ్రేమ్ రేటు మార్చనివ్వదు. దాని పేరు చెప్పి తిట్టను గానీ, కొత్త ప్రాజెక్టు తెరిచిన ప్రతిసారీ నాకు అదో టెన్షన్.

ఎర్ర స్కోరు అంకెలు అలుక్కుపోవడం చాలామందిని వేధించే సమస్య. బిట్‌రేటు (సెకను వీడియోకు కేటాయించే డేటా) ఎంత పెంచినా పోదు, ఎందుకంటే తప్పు దానిది కాదు. మామూలు వీడియోలో వెలుగు ప్రతి పిక్సెల్‌కూ నమోదవుతుంది, రంగు మాత్రం నాలుగు పిక్సెళ్లకు ఒక్కటే. 4:2:0 అనేది దీన్నే. నల్ల నేపథ్యం మీద సన్నటి ఎర్ర అంకె ఉంటే దానికి దక్కాల్సిన రంగు పక్కలకు కారిపోతుంది. ఓబీఎస్‌లో రంగును కూడా ప్రతి పిక్సెల్‌కూ నమోదు చేసే ఐ444 ఎంచుకుంటే ఇది పోతుంది గానీ, ఆ ఫైలు చాలా ఫోన్లలో ఆడదు. ఇక్కడా ఆటను పెద్దగా గీయించడమే మంచి మందు. అంకె గీత మూడు నాలుగు పిక్సెళ్ల మందం అయితే, ఆ మధ్యలో రంగు దానిదే నిలుస్తుంది.

శబ్దం విషయానికొస్తే, ఎడిటింగ్‌లో నాకు ఎక్కువ సమయం మిగిల్చింది ఒక చిన్న అలవాటు. ఆటలో మ్యూజిక్ ఆపే బటన్ ఉంటే ఆపేసి, ఎఫెక్టుల శబ్దంతోనే రికార్డు చేస్తాను. ఈ ఆటల్లో సంగీతం చిన్న లూప్. వీడియోలో చచ్చుగా సాగిన భాగాన్ని కోసేస్తే తాళం ఎగిరిపోయి ప్రతి కోతా చెవికి తెలిసిపోతుంది. ఆ లూప్‌ను తర్వాత విడిగా, ఏకధాటిగా కింద పరిస్తే ఎక్కడ కోశామో ఎవరూ పట్టలేరు. ఫ్లాష్ ఫైల్లోంచి శబ్దాలు బయటికి తీయడానికి జేపెక్స్ డీకంపైలర్ ఉంది. ఆ సంగీతం మీద హక్కు చేసినవాళ్లదే కాబట్టి వాడే ముందు ఆ సంగతి చూసుకోండి.

మరి ఎవరికి చెబుతాను ఇది వాడమని? నేను ఆడేవి ఎక్కువగా పజిళ్లు, నిదానంగా క్లిక్ చేసుకునే కథ ఆటలు. వీడియో రేపే పెట్టాలన్న తొందర నాకు లేదు, కాబట్టి పక్కలు వెతుక్కుంటూ కూర్చునే తీరిక ఉంది. రేసింగ్ ఆటలు, లైవ్ స్ట్రీమింగ్ మీ దారి అయితే ఈ పెద్ద సైజు సరదా మీకు భారమే కావచ్చు, నాకంటే గట్టి మెషీన్ ఉంటే కాకపోనూవచ్చు. ఎఫెక్టులు మోతగా ఉన్న ఆటలకు నేనే 720 పిక్సెళ్ల ఎత్తుకి దిగిపోతున్నాను. నిచ్చెన అక్కడా కనిపిస్తుంది లెండి, గీత మాత్రం కాస్త మసకగా.