టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే2: ఏళ్ల తరబడి స్క్రాచ్ చేశాక నా అభిప్రాయం

స్క్రాచింగ్ (తిరిగే రికార్డును చేత్తో ముందుకీ వెనక్కీ రుద్ది వాయించడం) నేర్చుకోవడానికి ఏ టర్న్‌టేబుల్, అంటే రికార్డు ప్లేయర్, కొనాలని ఎవరడిగినా నేను తడుముకోకుండా చెప్పే పేరు ఇదే. నా దగ్గరున్న జత జపాన్ నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ సరుకు. ఏళ్లుగా రోజూ చెయ్యి పడుతూనే ఉంది, మోటారు మాత్రం ఇప్పటిదాకా మొరాయించలేదు.

గొప్పతనమంతా ఆ మోటారుదే. మధ్యలో బెల్టు లేదు, రికార్డు కూర్చునే పళ్లెం లాంటి ప్లాటర్‌ను మోటారే నేరుగా తిప్పుతుంది. బెల్టు మోడళ్లలో రికార్డును చేత్తో ఆపి వదిలితే పాట ఈడ్చుకుంటూ మొదలవుతుంది. ఇది ఆగిన చోటు నుంచి 0.7 సెకన్లలో పూర్తి వేగం అందుకుంటుంది. రికార్డు కింద జారే గుడ్డ, అంటే స్లిప్‌మ్యాట్, వేసి రికార్డు పట్టుకుంటే కింద ప్లాటర్ తన మానాన తను తిరుగుతూనే ఉంటుంది. వేలు తీయగానే బీట్ టక్కున అందుకుంటుంది.

1972లో మొదటి ఎస్ఎల్-1200ని టెక్నిక్స్ బ్రాండు సొంతదారు మత్సుషిత కంపెనీ ఇంట్లో పాటలు వినేవాళ్ల కోసం చేసింది. ఆ మరుసటేడు ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూలో చెల్లెలు సిండీ పెట్టిన పార్టీకి డీజే కూల్ హెర్క్ పాటలు వేశాడు. డ్రమ్స్ ఒక్కటే మోగే బ్రేక్ దగ్గర జనం ఊగిపోవడం చూసి, ఆ ముక్కనే సాగదీసే పద్ధతి పట్టాడు. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అనే ఇంకో డీజే దానికి లెక్క నేర్పాడు. ఒకే రికార్డు రెండు కాపీలు, వాటి మీద గుర్తులు. ఒకటి మోగుతుంటే రెండోదాన్ని వెనక్కి తిప్పి సిద్ధం చేసేవాడు. రికార్డును ముందుకీ వెనక్కీ రుద్దే చప్పుడునే వాయిద్యంగా మార్చినవాడు గ్రాండ్ విజర్డ్ థియొడోర్, అప్పటికింకా పిల్లవాడే.

ఫ్లాష్ లెక్కని నేను రోజూ వాడతాను. నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో ఒక చుట్టుకి 1.8 సెకన్లు. నిమిషానికి 100 బీట్ల పాటలో రెండు బార్లంటే (బార్‌కి నాలుగు బీట్లు) 4.8 సెకన్లు, అంటే రెండు చుట్లు, ఇంకో మూడింట రెండు వంతులు. లేబుల్ మీద సన్నని స్టిక్కర్ అంటించి పన్నెండు గంటల స్థానం చూసుకుంటూ అంతే వెనక్కి లాగుతాను. కొన్నాళ్లకి చూడక్కర్లేదు, మణికట్టుకే తెలిసిపోతుంది. ఆ రోజు వచ్చే ఆనందం ఇంతా అంతా కాదు!

1979లో వచ్చిన ఎంకే2కి డయళ్ల బదులు వేగం పెంచి తగ్గించే పొడవాటి జారుడు మీట, పిచ్ ఫేడర్, పెట్టారు, అటూ ఇటూ 8 శాతం. రెండు పాటల వేగం కలపడానికి ఇది చాలు. కానీ నాకు నచ్చనిదీ ఇక్కడే ఉంది. సున్నా దగ్గర క్లిక్‌మని కూర్చుంటుంది, దాని పక్కనే ఉండే సన్నని తేడాలు సరిగ్గా దొరకవు. శబ్దాన్ని బయటికి మోసే ఆర్‌సీఏ కేబుల్ లోపలే అతికేసి ఉంటుంది, పాడైతే విప్పి సోల్డర్ చేయాల్సిందే. జపాన్ పీస్ 100 వోల్టులది కాబట్టి మన కరెంటుకి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

2010లో ఆపేసిన ఈ వరసలో 2019లో ఎంకే7 వచ్చింది, కేబుళ్లు విడిగా తీయొచ్చు. డబ్బుంటే అది తీసుకోండి. పాతది కొంటే మాత్రం సూదిని మోసే టోన్‌ఆర్మ్‌ను మెల్లగా కదిపి చూడండి, బేరింగ్ వదులుగా ఆడుతుంటే ఎంత చవకైనా వద్దు. పిచ్ సున్నాలో పెట్టినప్పుడు పక్కనుండే లైటు వెలుగులో ప్లాటర్ అంచున పెద్ద చుక్కల వరస కదలకుండా నిలబడాలి.